ఇచ్చిపుచ్చుకోళ్ల లెక్క: పీర్-టు-పీర్ ఫైళ్ల పంపిణీ నుండి బ్లాక్‌చెయిన్ దాకా

వ్యాససంగ్రహం:

1999లో నాప్‌స్టర్‌తో జనవ్యవహారంలోకి వచ్చిన పీర్-టు-పీర్ ఫైళ్ల పంపిణీ రెండు దశాబ్దాల కాలంలో బ్లాక్‌చెయిన్ వైపు మళ్లిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పును సాంకేతికాభివృద్ధిలో ఒక మెట్టుగా వివరించడం పరిపాటి. ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత పుచ్చుకున్నారు అనే లెక్కను ఎవరి దగ్గర ఉంచాలన్న ప్రశ్నను ఆధారంగా చేసుకొని ఆ చరిత్రను తిరిగి చదవడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పీర్-టు-పీర్, నాప్‌స్టర్, మోజో నేషన్, బిట్‌టొరెంట్, బిట్‌కాయిన్, ఫైల్‌కాయిన్, డిజిటల్ గ్రంథభాండాగారం.

1. ఉపోద్ఘాతం

2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన తొమ్మిది పుటల పత్రం బిట్‌కాయిన్‌ను ‘పీర్-టు-పీర్’ ఎలక్ట్రానిక్ నగదుగా పరిచయం చేసింది. నేడు ప్రచారంలో ఉన్న ‘బ్లాక్‌చెయిన్’ అనే మాట ఆ పత్రంలో లేదు. ‘పీర్-టు-పీర్’ మాత్రం శీర్షికలోనే ఉంది. వారం తరువాత, నవంబర్ 7న, అదే పేరుతో వచ్చిన ఒక లేఖలో నాప్‌స్టర్, నూటెల్లాల ప్రస్తావన కనిపిస్తుంది. కేంద్రం ఉన్న నాప్‌స్టర్ వంటి వ్యవస్థల తల నరకడం ప్రభుత్వాలకు తేలికేనని, కేంద్రం లేని నూటెల్లా వంటివి మాత్రం నిలదొక్కుకుంటున్నాయని ఆ లేఖ సారాంశం. కొత్త నగదుకు నమూనా దొరికినది పాటల ఫైళ్లు పంచుకున్న నెట్‌వర్కులలోనేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే ఈ వంశక్రమంలో ఒక చిక్కు ఉంది. విద్యాధనం పంచినకొద్దీ పెరుగుతుందని పెద్దలు అనే మాట ఫైలుకు అక్షరాలా వర్తిస్తుంది. ఒకరి దగ్గర ఉన్న పాటను పదిమంది తీసుకుంటే పదకొండు పాటలవుతాయి. నాణెం స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇచ్చిన నాణెం ఇచ్చినవారి దగ్గర కూడా మిగిలితే దానికి నాణెమన్న విలువే ఉండదు. నకలును సులభతరం చేయడానికి పుట్టిన నిర్మాణం నకలును అడ్డుకునే పనికి ఎలా ఒదిగిందన్నది ఆలోచించవలసిన విషయం. దీనికి సమాధానం బిట్‌కాయిన్‌తో మొదలుకాదు. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఫైళ్ల పంపిణీదారులు ఎదుర్కొన్న ఒక లెక్కల సమస్యలో దాని మూలాలు ఉన్నాయి.

2. సూచిక చేతిలో ఉన్నవాడు

1999 జూన్‌లో 18 ఏళ్ల షాన్ ఫానింగ్ విడుదల చేసిన నాప్‌స్టర్‌లో పాటలు వాడుకరుల కంప్యూటర్లలోనే ఉండేవి, ఒకరి నుండి మరొకరికి నేరుగా చేరేవి. ఏ పాట ఎవరి దగ్గర ఉందో చెప్పే సూచిక మాత్రం సంస్థ సర్వర్లలో ఉండేది. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ పాఠకుల ఇళ్లలో ఉండి, పట్టిక ఒక్కటే గ్రంథపాలకుని బల్ల మీద ఉన్నట్లుగా ఈ ఏర్పాటును ఊహించుకోవచ్చు. అమెరికా రికార్డింగ్ కంపెనీలు 1999 డిసెంబర్‌లోనే దావా వేశాయి. 2001 ఫిబ్రవరి 12న తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో ఆ పట్టికే కీలకమైంది. సూచిక తన అధీనంలో ఉన్నందున ఉల్లంఘనను పర్యవేక్షించే వీలు, అడ్డుకునే వీలు నాప్‌స్టర్‌కు ఉన్నాయని న్యాయస్థానం భావించింది. అదే సంవత్సరం జూలైలో ఆ సేవ ఆగిపోయింది.

నూటెల్లా అప్పటికే రంగంలో ఉంది. నల్‌సాఫ్ట్ సంస్థకు చెందిన జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ 2000 మార్చి 14న దాన్ని విడుదల చేయగా, మాతృసంస్థ ఏఓఎల్ మరునాడే తొలగించింది. అప్పటికే కొందరి చేతికి చిక్కిన ఆ ప్రోగ్రాం పనితీరును విశ్లేషించి ఇతరులు కొత్త ప్రోగ్రాములు రాసుకున్నారు. నూటెల్లాలో పట్టిక లేదు. పాట కావలసినవారు తమకు తెలిసిన కొన్ని కంప్యూటర్లను అడిగితే, అవి తమకు తెలిసినవాటిని అడుగుతాయి. ఊళ్లో తప్పిపోయిన దూడ కోసం ఇంటింటా వాకబు చేసినట్లు ఆ ప్రశ్న కొన్ని అంచెలు దాటి ఆగిపోతుంది. ఈ పద్ధతిలో వృథా ఎక్కువ. కానీ నరకడానికి తల లేదు.

పీర్-టు-పీర్ చరిత్రను ఇక్కడి నుండి న్యాయస్థానాల చరిత్రగా కొనసాగించడం సాధారణంగా కనిపించే పద్ధతి. 2005 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గ్రోక్‌స్టర్ కేసులో ఇచ్చిన తీర్పు, 2009లో స్వీడన్‌లో పైరేట్ బే నిర్వాహకులకు పడిన శిక్ష ఆ మార్గంలోని మైలురాళ్లు. అవి ముఖ్యమైనవే. కానీ నెట్‌వర్కుల రూపురేఖలను తీర్పులు మలిచినంతగానే వాడుకరుల పిసినారితనం కూడా మలిచింది. ఆ రెండవ కథకు దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదు.

3. పూడిక తీయని చెరువు

జిరాక్స్ పరిశోధనాలయానికి చెందిన ఐటన్ అడార్, బెర్నార్డో హుబర్‌మన్ 2000లో నూటెల్లా నెట్‌వర్కును పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. (అది వెలువడిన ‘ఫస్ట్ మండే’ కూడా నిపుణుల పరిశీలన పొందిన వ్యాసాలను ప్రచురించే ఆన్‌లైన్ పత్రికే కావడం విశేషం.) వాడుకరులలో దాదాపు 70 శాతం మంది ఏ ఫైలునూ పంచడం లేదని, అభ్యర్థనలకు వచ్చిన సమాధానాలలో సుమారు సగం పంచేవారిలో అగ్రభాగాన ఉన్న 1 శాతం కంప్యూటర్ల నుండే వస్తున్నాయని వారు తేల్చారు. కాగితం మీద కేంద్రం లేని ఆ నెట్‌వర్కు ఆచరణలో కొద్దిమంది భుజాల మీద నడిచింది. ఆ కొద్దిమందిపై దావా వేస్తే చాలు, తల లేని ప్రాణి కూడా కూలుతుంది.

ఊరి చెరువు నీళ్లు అందరికీ కావాలి. పూడిక తీసే రోజున వచ్చేవారు తక్కువ. ఈ పోలికను కొంచెం సవరించి చూడాలి. పంచినకొద్దీ ఫైలు తరగదన్నది నిజమే. తరిగేది ఆ ఫైలును పంపడానికి అయ్యే అప్‌లోడ్ సామర్థ్యం, డిస్కులో చోటు, కంప్యూటర్‌ను రాత్రంతా నడిపే విద్యుత్తు. పాటకు లెక్క అక్కరలేదు గానీ పాటను మోసే శ్రమకు లెక్క కావాలి. ఉపోద్ఘాతంలో పేర్కొన్న చిక్కుముడి ఇక్కడే విడిపోవడం మొదలుపెడుతుంది. ఫైళ్ల పంపిణీ నెట్‌వర్కులలోనూ నకలు కాకూడనిది ఒకటి మొదటి నుండీ ఉంది. అది ఇచ్చినవాని జమ.

ఆ జమను ఎవరు రాసిపెట్టుకోవాలన్న ప్రశ్నకు తొలి సంవత్సరాలలో రెండు సమాధానాలు వచ్చాయి. 2001లో వచ్చిన కజాలో ప్రతి వాడుకరికీ ‘భాగస్వామ్య స్థాయి’ అనే అంకె ఉండేది. ఎక్కువ ఇచ్చినవారికి వరుసలో ముందు చోటు దొరకాలన్నది సంకల్పం. అయితే ఆ అంకె వాడుకరి సొంత కంప్యూటర్‌లోనే నమోదయ్యేది. అప్పు పుస్తకం అప్పు తీసుకున్నవాని ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో అదే అయింది. కజా లైట్ అనే అనధికార రూపం వాడుకరి స్థాయిని ఎల్లప్పుడూ గరిష్ఠంగానే చూపించేది.

రెండవ సమాధానం మోజో నేషన్. జిమ్ మెకాయ్ నేతృత్వంలో 2000లో వెలువడిన ఈ వ్యవస్థ నేటి పరిశోధకుల దృష్టికి తగినంతగా రాలేదు. ఫైలును ముక్కలు చేసి, గుప్తీకరించి, అనేక కంప్యూటర్లలో దాచడం. చోటు ఇచ్చినవారికి, ముక్కలు పంపినవారికి ‘మోజో’ అనే డిజిటల్ నాణేలు చెల్లించడం. ఆ నాణేలతోనే వారు తమకు కావలసిన ఫైళ్లు తెచ్చుకోవడం. నేటి ఫైల్‌కాయిన్‌ను వర్ణించడానికి ఇంచుమించు ఇవే వాక్యాలు సరిపోతాయి. ఒకే మోజోను రెండుసార్లు ఖర్చుచేయకుండా చూడడానికి మాత్రం సంస్థే నడిపే టోకెన్ సర్వర్ అవసరమైంది. ఫైళ్లకు కేంద్రం లేకపోయినా నాణేలకు టంకశాల తప్పలేదు. 2002 నాటికి ఆ ప్రయత్నం ముగిసింది. మోజో నేషన్‌లో పనిచేసిన జూకో విల్‌కాక్స్ 2016లో వచ్చిన జీక్యాష్ నాణేనికి సారథి అయ్యాడు. అక్కడే పనిచేసి 2001లో బయటికి వచ్చిన మరో యువకుడు బ్రామ్ కోహెన్.

4. గుర్తుపెట్టుకోని నెట్‌వర్కు

కోహెన్ 2001 జూలైలో బిట్‌టొరెంట్‌ను ప్రకటించాడు. మోజో నేషన్ నుండి అతడు ఫైలును ముక్కలు చేసే పద్ధతిని తీసుకున్నాడు, నాణేన్ని వదిలేశాడు. ఈ వదిలివేతే బిట్‌టొరెంట్ విజయరహస్యమని చెప్పవచ్చు.

2003లో బర్కిలీ సదస్సుకు సమర్పించిన పత్రంలో అతడు వివరించిన పద్ధతి ఇది. ఒకే ఫైలు కోసం ప్రయత్నిస్తున్నవారంతా ఒక గుంపుగా చేరతారు. ప్రతి కంప్యూటరూ ఒకేసారి నలుగురికి మాత్రమే అప్‌లోడ్ చేస్తుంది. ప్రతి 10 సెకన్లకు ఒకసారి తనకు ఎవరి నుండి వేగంగా ముక్కలు అందుతున్నాయో చూసుకొని ఆ నలుగురిని తిరిగి ఎంచుకుంటుంది. పిసినారి కంప్యూటర్‌కు ద్వారం మూసుకుంటుంది. అయితే కొత్తగా వచ్చినవారి దగ్గర ఇవ్వడానికి ఇంకా ఏమీ ఉండదు కాబట్టి, 30 సెకన్లకు ఒకసారి మారే ఒక చోటును ఏ లెక్కా చూడకుండా ఎవరో ఒకరికి ఇస్తుంది. గుంపులో అరుదుగా ఉన్న ముక్కను ముందుగా తెచ్చుకోవడం మరో నియమం.

ఈ ఏర్పాటులో ఖాతా లేదు. గత 20 సెకన్ల అనుభవం తప్ప ఎవరి చరిత్రా ఎవరికీ గుర్తుండదు. దీన్ని చేబదులుతో పోల్చడం కూడా కుదరదు. చేబదులుకు పత్రం లేకున్నా జ్ఞాపకం ఉంటుంది, పరిచయం ఉంటుంది. ఇది సంతలో ముఖపరిచయం లేని ఇద్దరు అక్కడికక్కడే ధాన్యానికి ఉప్పు మార్చుకున్నట్లుంటుంది. ఖాతా లేనందున దొంగలెక్కకు తావు లేదు, టంకశాల అవసరం లేదు. ఫైలును ధ్రువీకరించే పనిని హాష్ చేస్తుంది. ప్రతి ముక్కకూ ముందే గణించిన గుర్తుసంఖ్య టొరెంట్ ఫైలులో ఉంటుంది కాబట్టి, అపరిచితుడు పంపిన ముక్క అసలుదా కాదా అని తీసుకున్నవారే సరిచూసుకోవచ్చు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో చెప్పే ట్రాకర్ సర్వర్ ఒక్కటే కేంద్రంగా మిగిలింది. 2002లో మేమౌంకోవ్, మాజియేర్ ప్రతిపాదించిన కడెమ్లియా పద్ధతి ఆధారంగా 2005లో ఆ పట్టికను కూడా వాడుకరుల కంప్యూటర్ల మధ్యే పంచారు.

మరపు మీద నిలిచిన ఈ వ్యవస్థలో లోటును ముందుగా గుర్తించినవారు సంగీతాభిమానులే. ఫైలు పూర్తిగా చేతికి వచ్చిన తరువాత గుంపులో నిలిచి ఇతరులకు ఇవ్వడానికి బిట్‌టొరెంట్‌లో ఏ ప్రోత్సాహమూ లేదు. అందుకే సభ్యులకు మాత్రమే ప్రవేశమున్న ట్రాకర్లు పుట్టాయి. అవి ప్రతి సభ్యుని అప్‌లోడ్, డౌన్‌లోడ్ నిష్పత్తిని రాసిపెట్టి, నిష్పత్తి పడిపోయినవారిని తొలగించేవి. ఖాతా ఈ విధంగా తిరిగివచ్చింది, ఖాతాతో పాటు కేంద్రమూ తిరిగివచ్చింది. వాటిలో పేరొందిన ఓయింక్‌ను 2007 అక్టోబర్‌లో పోలీసులు మూసివేసినప్పుడు సభ్యులు సంవత్సరాల తరబడి కూడబెట్టుకున్న జమ అంతా దానితోనే పోయింది.

5. అరుదైన ఫైలు: తెలుగు పుస్తకాల ఉదాహరణ

నిన్న విడుదలైన సినిమాను వెయ్యిమంది ఒకేసారి కోరుకుంటారు. అటువంటి ఫైలుకు బిట్‌టొరెంట్‌ను మించిన సాధనం లేదు. ఏడాదికి ఇద్దరు అడిగే ఫైలు సంగతి వేరు. చివరగా దాన్ని ఉంచుకున్న వ్యక్తి కంప్యూటర్ ఆపేసిన రోజున టొరెంట్ లంకె మిగులుతుంది, ఫైలు మిగలదు. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు సరిగ్గా ఈ రెండవ కోవకు చెందుతాయి. ఒక శతక వ్యాఖ్యానాన్నో, 1920ల నాటి ఒక పత్రిక సంచికనో ఏకకాలంలో కోరేవారు గుంపు కట్టరు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దాని ముఖ్యకేంద్రాలలో ఒకటి. తెలుగు పరిశోధనకు అది చేసిన మేలు ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. కాపీరైటు అభ్యంతరాల నేపథ్యంలో 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. కార్ల్ మాలముద్ నిర్వహించే పబ్లిక్ రిసోర్స్ సంస్థ ఆ సంగ్రహంలోని లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చినందువల్లనే వాటిలో చాలా తెలుగు పుస్తకాలు నేటికీ అందుతున్నాయి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుండి తన పుస్తకాలకు టొరెంట్‌లను కూడా ఇస్తోంది. పుస్తకం పుటలో పీడీఎఫ్ పక్కనే ఆ లంకె కనిపిస్తుంది. కానీ ఆ టొరెంట్‌లకు మూలాధారం ఆర్కైవ్ సొంత సర్వర్లే. గుంపు లేని చోట టొరెంట్ రూపం పంపిణీదే అయినా బరువంతా కేంద్రం మీదే ఉంటుంది. 2024 అక్టోబర్‌లో ఆర్కైవ్ సైబర్ దాడికి గురై కొన్ని రోజుల పాటు నిలిచిపోయినప్పుడు దాని మీదే ఆధారపడిన తెలుగు పరిశోధకుల పని కూడా నిలిచింది. అడిగేవారు లేని కాలంలో కూడా ఒక ప్రతిని భద్రంగా ఉంచేవారికి ప్రతిఫలం ఎలా ముట్టాలి అనేదే ఇక్కడి సమస్య. 20 సెకన్ల జ్ఞాపకంతో దీనికి పరిష్కారం లేదు. ఏళ్ల తరబడి నిలిచే ఖాతా కావాలి, ఆ ఖాతాకు యజమాని ఉండకూడదు.

6. అందరి దగ్గరా ఉన్న చిట్టా

కజాలో లెక్క ఎవరిది వారి దగ్గర ఉంది. మోజో నేషన్‌లోనూ ఓయింక్‌లోనూ కేంద్రం దగ్గర ఉంది. బిట్‌టొరెంట్‌లో ఎవరి దగ్గరా లేదు. నకమోటో పత్రం మిగిలిన నాలుగవ స్థానాన్ని ఎంచుకొని లెక్కను అందరి దగ్గరా ఉంచింది. 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్‌లో ప్రతి చెల్లింపు వార్తా నూటెల్లా వాకబులాగే కంప్యూటర్ నుండి కంప్యూటర్‌కు పాకుతుంది. సుమారు 10 నిమిషాలకు ఒకసారి ఆ చెల్లింపులు ఒక దిమ్మెగా చేరి, ముందటి దిమ్మె హాష్‌ను తనలో ఇముడ్చుకుంటాయి. పాత పద్దును మార్చాలంటే తరువాతి దిమ్మెలన్నింటినీ మళ్లీ గణించాలి. ఆ గణనను ఖర్చుతో కూడిన పనిగా చేసే ఉపాయం 1997లో ఆడమ్ బ్యాక్ ప్రతిపాదించిన హాష్‌క్యాష్ నుండి వచ్చింది. పత్రాలను హాష్‌ల గొలుసుగా కూర్చి కాలక్రమాన్ని నిరూపించే పద్ధతిని హేబర్, స్టోర్నెట్టా 1991లోనే చూపారు.

దీన్ని తెలుగులో ‘ఖాతా పుస్తకం’గా అనువదించడం కనిపిస్తుంది. మన వర్తకుల పరిభాషలో జరిగిన వరుసలో పద్దులు రాసేది చిట్టా, వ్యక్తుల వారీగా తేల్చేది ఆవర్జా. బిట్‌కాయిన్‌లో ఉన్నది చిట్టాయే. ఎవరి దగ్గర ఎంత ఉందో దాని నుండి గణించుకోవాలి. కాబట్టి ‘బహిరంగ చిట్టా’ అనడం అర్థానికి మరింత దగ్గరగా ఉంటుంది.

టంకశాల లేని నాణెం సాధ్యమని తేలిన తరువాత మోజో నేషన్ వదిలిన దారి తిరిగి తెరుచుకుంది. 2014లో హువాన్ బెనెట్ ప్రతిపాదించిన ఐపీఎఫ్ఎస్, ఫైలును అది ఉన్న చోటుతో కాక దాని హాష్‌తో పిలుస్తుంది. అందులో కడెమ్లియా ఉంది, బిట్‌టొరెంట్ తరహా ముక్కల మార్పిడి ఉంది, బ్లాక్‌చెయిన్ లేదు. ఈ భేదాన్ని విస్మరించి ఐపీఎఫ్ఎస్‌ను బ్లాక్‌చెయిన్‌గా పేర్కొనే వ్యాసాలు తరచుగా కనిపిస్తాయి. చెల్లింపుల భాగం ఫైల్‌కాయిన్. దాని ప్రధాన నెట్‌వర్కు 2020 అక్టోబర్ 15న మొదలైంది. అందులో కూడా ఫైళ్లు చిట్టాలో ఉండవు. ఎవరు, ఎంత కాలానికి, ఏ ఫైలును దాస్తామని ఒప్పుకున్నారో ఆ ఒప్పందాలు, దాచినట్లు నిరూపణలు మాత్రమే చిట్టాకెక్కుతాయి. దాచేవారు కొంత సొమ్మును పూచీగా పెట్టి, తమ దగ్గర ప్రత్యేకమైన ప్రతి ఉందని ఒకసారి, అది ఇంకా ఉందని రోజూ గణితపరంగా నిరూపించాలి. తప్పితే పూచీసొమ్ములో కోత పడుతుంది. నూటెల్లాను పీడించిన ఉచితభోక్త ఇక్కడ నిలవలేడు.

అయితే కొత్త చిక్కులు వచ్చాయి. నాణేలు పుట్టేది దాచే సామర్థ్యాన్ని బట్టి కావడంతో ఆరంభంలో దాచేవారు ఎవరి ఫైళ్లూ లేకుండానే అర్థరహితమైన దత్తాంశంతో డిస్కులు నింపి నిరూపణలు సమర్పించారు. దీనికి విరుగుడుగా, నిజంగా ఉపయోగపడే ఫైళ్లని ధ్రువీకరించిన వాటికి పదిరెట్ల విలువ ఇచ్చే పథకం వచ్చింది. ఏది ఉపయోగకరమో ధ్రువీకరించడానికి మనుషులను నియమించవలసి వచ్చింది. గణితం డిస్కులోని అంకెలను గుర్తించగలదు. అవి ఒక శాసన సంపుటమో, అడ్డదిడ్డమైన అంకెల వరుసో చెప్పలేదు. కేంద్రం పూర్తిగా తొలగిందన్న వాదాన్ని ఇక్కడ కొంత తగ్గించి స్వీకరించాలి.

7. బిట్‌టొరెంట్‌కు నాణెం

బిట్‌టొరెంట్ సంస్థను 2018లో జస్టిన్ సన్‌కు చెందిన ట్రాన్ కొనుగోలు చేసింది. 2019 జనవరిలో దానికి సొంత నాణెం వచ్చింది. నాణేలు ఇచ్చినవారికి డౌన్‌లోడ్‌లో ప్రాధాన్యం, ఫైలును ఉంచినవారికి ఆదాయం అన్నది ప్రకటిత లక్ష్యం. పాత మార్పిడి నియమం మాత్రం అలాగే కొనసాగింది. నాణెం ఊసే లేకుండా టొరెంట్‌లు వాడుకునే వీలు నేటికీ ఉంది. నాణేల క్రయవిక్రయాలకు దొరికిన ప్రచారం చివరి ప్రతిని కాపాడే పనికి దొరకలేదు.

బ్రామ్ కోహెన్ అప్పటికే మరో దారి పట్టాడు. 2017లో అతడు స్థాపించిన చియా, గణనకు బదులు డిస్కులోని చోటును పూచీగా తీసుకునే బ్లాక్‌చెయిన్. విద్యుత్తు తక్కువ ఖర్చవుతుందన్నది అతని వాదం. 2021 మార్చిలో అది మొదలైన తరువాతి నెలల్లో పెద్ద హార్డ్‌డిస్కులకు గిరాకీ పెరిగి ధరలు ఎగబాకాయి. ఒక్కొక్కటి సుమారు 100 గిగాబైట్లుండే ‘ప్లాట్లు’ ఆ డిస్కులను నింపాయి. వాటిలో పాట లేదు, సినిమా లేదు, పుస్తకం లేదు. నాణెం గెలిచే అవకాశానికి ఆధారమైన అంకెలే ఉన్నాయి. నాణేన్ని వదిలి ఫైలును నిలబెట్టిన వ్యక్తి, ఫైలును వదిలి నాణేన్ని నిలబెట్టే చోటికి చేరుకోవడం ఈ చరిత్రలోని విడ్డూరాలలో ఒకటి.

ఇదే కాలంలో ఇంటర్నెట్ ఆర్కైవ్ తన సేకరణలలోని కొన్ని ప్రభుత్వ పత్రాల ప్రతులను ఫైల్‌కాయిన్‌లో భద్రపరిచే ప్రయోగం చేపట్టింది. ఇక్కడ చిట్టా తన అసలు పనికి వచ్చింది. ఎవరూ అడగని రోజున కూడా ప్రతి ఉన్నదని ఎవరైనా సరిచూసుకోవచ్చు. కానీ భద్రపరచడం ఒక ఒప్పందమైతే అడిగిన పాఠకునికి తెచ్చి ఇవ్వడం వేరొక ఒప్పందం. రోజువారీ నిరూపణ రెండవదాన్ని పరీక్షించదు. తెలుగు పుస్తకం కోసం నేడు ఆర్కైవ్ పుటను తెరిచే పాఠకునికి సమాధానం ఇచ్చేది ఆ సంస్థ సొంత సర్వరే.